పనికిరాని తరంగములు

విద్యుత్తరంగముల చరిత్రను మన పాఠ్యపుస్తకములు నాలుగు వాక్యములతో ముగించుచున్నవి. 1865లో మాక్స్‌వెల్ పండితుడు గణితముచే వాని నూహించెను. 1887 ప్రాంతమున హెర్ట్జ్ ప్రయోగముచే చూపెను. 1895లో జగదీశచంద్ర బోసు కలకత్తా టౌనుహాలున గోడల కావలనున్న గంటను తీగ లేకయే మ్రోగించెను. 1901లో మార్కొని అట్లాంటికు సముద్రమును దాటించెను. బాలురు వీనిని కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, వేసవి సెలవులలో మఱచుచున్నారు. ఆ చరిత్రలో ఐదవ వాక్య మొకటి కలదు. జీతము కొఱకు గాని బిరుదము కొఱకు గాని కాక, తమ యింటి పెరటిలో రెండు చెట్ల నడుమ రాగితీగ కట్టి, రాత్రులు మేలుకొని, ప్రపంచపు రెండవ యంచునందలి మనుష్యునితో మాటలాడినవారి కథ యది. దానిని పాఠ్యపుస్తకము చెప్పదు. మేము చెప్పదలచితిమి.

ఇంగ్లీషున వీరికి అమెచ్యూర్లని పేరు, వాడుకలో హాములందురు. అమెచ్యూర్ అను పదమునకు మూలము లాటినునందు ప్రేమించుట యను నర్థముగల ధాతువు. విద్యను ప్రేమించి చేయువా డని దాని తొలి యర్థము. కాలక్రమమున ఆ పదమునకే పని చేతకానివా డను నర్థము గూడ అంటుకొన్నది. ప్రేమించి చేయు పనికి లోకము పెట్టు వెల యిట్టిది! తెలుగున మేము ఔత్సాహికుడని వాడుచున్నాము.

ముందునకు సాగుటకు ముం దొకమాట. ఆకాశమునకు శబ్దము గుణమని మన తార్కికులు చెప్పియుండుటను బట్టి, రేడియో మన పూర్వులకు తెలిసియే యుండెనని వాదించు మిత్రులు మాకు గలరు. తర్కశాస్త్రమును మేమును గురుముఖమున చదివితిమి. ఆ శాస్త్రమునందలి శబ్దము చెవికి వినబడు ధ్వని. హెర్ట్జ్ చూపిన తరంగము ధ్వని కాదు. అది వెలుగునకు తోబుట్టువు. మన మబద్ధమాడి నిలుపవలసినంత బలహీనమైనది కాదు పూర్వుల గౌరవము. వారికి తెలిసినది వారిదే. తెలియనిదానిని మనము నేర్చుకొందము.

ఈ విద్యయంతయు తీగతో మొదలైనది. దానిని నిస్తంత్రి యనుట యొక విచిత్రము. హెర్ట్జ్ వాడినది కొలది మీటర్ల రాగితీగ, దాని కొనలయందు జింకు గోళములు, నడుమ నిప్పురవ్వ దుమికెడి సన్నని సందు. 1901 డిసెంబరు 12వ తేదీన న్యూఫౌండ్లాండునందలి సిగ్నల్ కొండపై మార్కొని చెవినొగ్గి కూర్చున్నప్పుడు, అతని తీగను గాలిపటము పైకెత్తి పట్టుకొనియుండెను. అవతల ఇంగ్లండునందలి పోల్డూలో మహాస్తంభములు, మహాయంత్రములు, ఇవతల గాలిపటము. ఆ గాలిపటమే తరువాతి ఔత్సాహికులకు గురువని మా యభిప్రాయము.

తొలి దినములలో ఈ తరంగములపై ఎవరికిని ప్రత్యేకాధికారము లేకుండెను. అమెరికాలో వేలకొలది బాలురు నిప్పురవ్వల యంత్రములను చేసికొని ఒకరినొకరు పిలుచుకొనుచుండిరి. 1912 ఏప్రిలు 15వ తేదీన టైటానిక్ ఓడ మునిగినది. అప్పుడు పుట్టిన తప్పుడు వార్తలకు ఔత్సాహికులే కారణమని పత్రికలు నిందించినవి. నౌకాదళమువారికి వీరిపై అంతకు ముందే కినుక కలదు. ఆ సంవత్సరము ఆగస్టునందు చేయబడిన అమెరికా శాసనము ఔత్సాహికులను 200 మీటర్లును, అంతకు తక్కువయునైన తరంగదైర్ఘ్యములకు పరిమితము చేసినది. తరంగము పొడవైన కొలదియు దూరము పోవునని నాటి విద్వాంసుల నమ్మకము. 200 మీటర్లకు దిగువనున్నవి పనికిరానివని వారి లెక్క. అనగా వంటయింటిలో చోటీయక, పెరటిలో పాడుబడిన నూయిని చూపి, ఇది నీదని చెప్పినట్లు. ఆ నూయి యందే జల ముండెను.

అణచివేయబడిన ఔత్సాహికులు చెదరిపోలేదు. హార్ట్‌ఫర్డు పట్టణమునందలి హైరమ్ పెర్సీ మాక్సిమ్ అను నతడు 1914లో స్ప్రింగ్‌ఫీల్డునకు వార్త పంపగోరెను. ముప్పది మైళ్లకు లోపు దూరము. ఐనను అతని యంత్రము అందుకొనలేకపోయినది. నడుమ నున్న యొక మిత్రునికి పంపి, అతనిచే ముందునకు పంపించెను. చేయి మార్చి చేయి అందించు ఈ యుపాయమునుండియే అమెరికా రేడియో రిలే లీగు పుట్టినది. 1917లో అమెరికా యుద్ధమున ప్రవేశించినంతనే ప్రభుత్వము వారి యంత్రముల నన్నిటిని మూయించినది. పంపుటకు మరల అనుమతి వచ్చుసరికి 1919 శరదృతువు.

యుద్ధానంతరమున వారి చేతికి ఎలక్ట్రానుల వాల్వు వచ్చినది. 200 మీటర్లతో అట్లాంటికును దాటవచ్చునా యను ప్రశ్న పుట్టినది. 1921 ఆరంభమున చేసిన పరీక్షలో యూరపున ఎవరికిని అమెరికా ఔత్సాహికుల సంకేతములు వినబడలేదు. వినువారి లోపమా, పంపువారి లోపమా తేల్చవలెనని లీగువారు పాల్ గాడ్లీ యను నిపుణుని ఆ డిసెంబరున స్కాట్లండునకు పంపిరి. అతడు ఆర్డ్రాసన్ అను సముద్రతీరగ్రామమున డేరా వేసి, వేయియడుగులకు మించిన యొక తీగను తక్కువ యెత్తున, తిన్నగా అమెరికా దిక్కునకు చాచెను. బెవరేజ్ అను ఇంజనీరు కనిపెట్టిన పద్ధతి యది. ఎత్తు లేకున్నను, తాను చాచిన దిక్కునుండి వచ్చు తరంగమును మాత్రమే చక్కగా గ్రహించి, తక్కిన రొదను విడుచుట దాని గుణము. హేమంతపు చలిలో, తడిసిన డేరాలో గాడ్లీ ఇరువదికి పైగా అమెరికా ఔత్సాహికులను వినెను. రెండేండ్లకు, 1923 నవంబరున, ఫ్రాన్సునందలి నీస్ పట్టణమునుండి లియోన్ డెలోయ్, అమెరికాలోని ష్నెల్, రైనార్ట్జ్ అను నిరువురితో సుమారు 110 మీటర్లపై ఇరువైపుల సంభాషించెను. పొడవు తగ్గిన కొలదియు తరంగము మందగింపలేదు. మఱింత చక్కగా పోయినది!

ఉపాధ్యాయులమగుటచే మా మనస్సు మిక్కిలి నిలుచు ఘట్టము దీని తరువాతిది. లండను నగరపు టంచున మిల్ హిల్ అను పాఠశాల కలదు. 1924లో అచ్చట సెసిల్ గాయ్డర్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి యుండెను. అతడు పాఠశాలలోనే ఒక ట్రాన్స్‌మిటరును నిర్మించుకొని, 2ఎస్‌జడ్ అను పిలుపుతో పనిచేయుచుండెను. న్యూజీలాండు దక్షిణద్వీపమున షాగ్ లోయలో, గొఱ్ఱెలను పెంచు క్షేత్రమున ఫ్రాంక్ బెల్ అను రైతు మఱియొక యంత్రమును నడుపుచుండెను. అతని పిలుపు 4ఏఏ. ఆ యేడు అక్టోబరు 18వ తేదీన ఈ పిల్లవాడును, ఆ రైతును ఒకరికొకరు బదులు చెప్పుకొనిరి. వారి నడుమ దూరము సుమారు 19,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతలో సగము 20,000 గదా! భూగోళముపై ఇంతకంటె దూరపు సంభాషణకు చోటు మిగులలేదనవచ్చును. అట్టి దూరములకు ప్రభుత్వములు మహాస్తంభములను కోట్ల వ్యయముతో యోచించుచున్న కాలమది. ఫ్రాంక్ బెల్ సోదరి బ్రెండా యును ఈ విద్యను నేర్చి, ఆ దేశమున తొలి మహిళా ఔత్సాహికురాలైనది. గొఱ్ఱెల దొడ్డిలో ఆడుబిడ్డకు దొరకిన యీ చదువు మన పట్టణములయం దెందఱికి దొరకినదో చదువరులే లెక్కించుకొందురు గాక.

ఇది యెట్లు సాధ్యమైనది? భూమికి నూఱు మొదలు కొన్నివందల కిలోమీటర్ల యెత్తున సూర్యకిరణములు వాయుకణములనుండి ఎలక్ట్రానులను విడగొట్టి యొక పొరను నిర్మించును. దానిని అయనావరణ మందురు. పొట్టితరంగములు పైకి పోయి, ఆ పొరలో వంగి, మరల నేలకు దిగును. నేలనుండి మరల పైకి ఎగయును. ఇట్లు గెంతులు వేయుచు భూమిని చుట్టివచ్చును. ఇట్టి పొర యుండవచ్చునని 1902లోనే హెవిసైడు, కెన్నెలీలు ఊహించియుండిరి. దాని నప్పటికి ఎవరును ప్రత్యక్షముగా నిరూపింపలేదు. గాయ్డర్, బెల్లులు మాటలాడిన రెండు నెలలకు, 1924 డిసెంబరున, ఆపిల్టను ప్రయోగపూర్వకముగా నిరూపించెను. అందులకు 1947లో నోబెల్ బహుమానము నందెను. ఆపిల్టనుని ఘనతకు దీనివలన లోపము లేదు. ఐతే, పొర యున్నదని విద్వాంసుడు చూపుటకు ముందే ఆ పొరపై పాఠశాల విద్యార్థి తన మాటను గెంతించెను. పిమ్మట జరిగినది ఊహింపదగినదే. పనికిరాని తరంగముల విలువ తెలియగానే ప్రభుత్వములును, కంపెనీలును వచ్చిపడినవి. 1927 వాషింగ్టను సమావేశమునందు వాని నెల్ల పంచుకొని, ఔత్సాహికులకు 160, 80, 40, 20, 10 మీటర్ల దగ్గఱ ఇరుకైన పట్టీలను విడిచిరి. నేటికిని వారు ఆ సందులలోనే కాపురముండుచున్నారు.

మే మెఱిగిన యొక పాఠశాలలో పిల్లలు మేడపై ఇరువది మీటర్ల తీగ కట్టుకొందుమని అడిగినప్పుడు, అది పాఠ్యప్రణాళికలో లేదను సమాధానము వచ్చినది. మిల్ హిల్ ప్రణాళికలో మాత్ర ముండెనా?

గాయ్డర్ కథకు మన దేశమున కొనసాగింపు కలదు. 1936లో అతడు ఆలిండియా రేడియోకు ప్రధాన ఇంజనీరుగా వచ్చి, పది సంవత్సరము లుండెను. ఈ విశాలదేశమును కొలదిపాటి ద్రవ్యముతో కప్పుటకు పొట్టితరంగములే శరణ్యమని ఎఱిగి, ఆ ప్రణాళికను నడిపెను. 1938లో ఆలిండియా రేడియో మద్రాసున వెలసినప్పుడు తెలుగువా రింటింట వినిన పాటలయందును, ప్రసంగములయందును ఆ పాఠశాలబాలుని చేయి కొంత కలదు. మద్రాసునకు రేడియో అంతకు ముందే వచ్చియుండెను. 1924లో సి. వి. కృష్ణస్వామి సెట్టిగారును, వారి మిత్రులును కలిసి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, 40 వాట్ల చిన్న యంత్రముతో జులై 31వ తేదీన ప్రసారము ప్రారంభించిరి. ప్రభుత్వము కాదు, కంపెనీ కాదు, సభ్యుల చందాలు. మూడేండ్లకు ధనము చాలక 1927లో మూతపడినది. యంత్రములను నగరపాలకసంఘమువారు గ్రహించి 1930లో తిరిగి పలికించిరి. మైసూరున గోపాలస్వామిగారను మనశ్శాస్త్రాచార్యులు 1935లో తమ యింటనే చిన్న కేంద్రమును నెలకొల్పి, దానికి ఆకాశవాణి యని పేరు పెట్టిరి. ఆ పేరే పిమ్మట దేశమున కంతకు వచ్చినది.

ఇరువైపుల మాటలాడు ఔత్సాహికులలో మన దేశమున మొదటివారు కలకత్తాకు చెందిన అమరేంద్రచంద్ర గుప్తగారు. 1921లో వారికి అనుమతి లభించినది. ఆ యేడే ముకుల్ బోసుగారు రెండవవారైరి. ఐనను 1930 దశాబ్దము నడుమ అనుమతి గలవారు ఏబదిమందికి మించలేదు. వారిలో పెక్కురు దొరల సైన్యాధికారులు. ముప్పదికోట్లకు పైబడిన జనులలో ఏబదిమంది! అమెరికా ప్రభుత్వము తన ప్రజలకు పనికిరానిదనుకొన్నదానినైనను ఇచ్చినది. మన నేలిన ప్రభుత్వమున కంతపాటి నమ్మకమును లేకుండెను. 1933 శాసనముచే అనుమతి లేక యంత్రమును కలిగియుండుటయే నేరమైనది. 1939లో యుద్ధము రాగానే యంత్రములను పోలీసులకు అప్పగింపుడని ఆజ్ఞలు వెలువడినవి.

అప్పగింపబడని విద్య 1942లో పలికినది. క్విట్ ఇండియా ఉద్యమమున నాయకులెల్ల చెఱసాలలో నుండగా, ఆగస్టునందు బొంబాయిలో ఉషా మెహతా అను నిరువదిరెండేండ్ల విద్యార్థినియు, ఆమె సహచరులును రహస్యముగా కాంగ్రెసు రేడియోను నెలకొల్పిరి. యంత్రమును సమకూర్చినవాడు నరిమాన్ ప్రింటర్ అను ఔత్సాహికుడు. పోలీసుల వాహనములు తరంగముల జాడ పట్టుచు వీథులలో తిరుగుచుండగా, వారు ఇల్లు వెంబడి ఇల్లు మార్చుచు, నవంబరు 12వ తేదీన పట్టుబడువఱకు ప్రసారము సాగించిరి. ఉషా మెహతాకు నాలుగేండ్ల కారాగారశిక్ష పడినది. వారి ప్రసారము 42.34 మీటర్లపై. లెక్క వేసి చూచినచో అది నేడు మన ఔత్సాహికులు నిత్యము మాటలాడుకొను నలుబది మీటర్ల పట్టీలోనిదే యగును. ఆ పట్టీలో రాత్రి పూట చెవి యొగ్గినప్పుడెల్ల మా కీ సంగతి జ్ఞప్తికి వచ్చుచుండును.

స్వాతంత్ర్యానంతరము 1948లో మౌ నగరమునందలి సైనిక సిగ్నల్సు పాఠశాలలో భారత ఔత్సాహికుల క్లబ్బు ప్రారంభమైనది. అనుమతి దొరకినను యంత్రము దొరకుట కష్టమయ్యెను. విదేశపు యంత్రములపై సుంకము అధికము. యుద్ధానంతరమున విక్రయింపబడిన పాత సైనికయంత్రములను కొని మరమ్మతు చేసికొనుటయే చాలకాలము దారి. ఈ చిక్కునకు చక్కని యుత్తరము మన హైదరాబాదునుండియే వచ్చినది. ఈ శతాబ్దపు తొలి యేండ్లలో అష్హర్ ఫర్హాన్‌గారు బిట్‌ఎక్స్ అను ట్రాన్స్‌సీవరును రూపొందించిరి. సామాన్యమైన ట్రాన్సిస్టర్లతో, మన బజారులో దొరకు సామానుతో చేసికొనదగినది. తీగచుట్టకు విదేశపు వలయము లేనిచో కుళాయి వాషరుపై చుట్టుకొమ్మనిరి! శక్తి ఆఱు వాట్ల ప్రాంతము. అంతతో ఖండములు దాటి మాటలాడినవారు కలరు. ఆ నిర్మాణక్రమమును దాచక లోకమున కిచ్చుటచే పెక్కు దేశములవారు దానిని చేసికొనిరి.

ఇది వినోదమాత్రమే యనువారు 1977 నవంబరు 19వ తేదీని స్మరింపవలెను. దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు స్తంభములు కూలి, తీగలు తెగి, ఊళ్లకు ఊళ్లు నోరులేనివైనవి. 1983లో హైదరాబాదున జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడినది. ఆ సంస్థ పక్షమున భారతీ ప్రసాద్‌గారు 2004 డిసెంబరున అండమానునకు వెళ్లిరి. బహుకాలముగా ఔత్సాహికులకు అనుమతి లేని ద్వీపములగుటచే లోకమందలి హాములందఱు ఆమె పిలుపునకై కాచుకొనియుండిరి. 26వ తేదీన సునామీ వచ్చినది. టెలిఫోనులు పోయినవి. ఆమె యంత్రము మిగిలినది. పోర్టు బ్లెయిరునుండి క్షేమవార్తలు దానిపై ప్రధానభూమికి చేరినవి. అనుమతి ఆ నెలకు బదులు మఱుసటి నెల కీయబడియుండిన నేమయ్యెడిది? కార్యాలయములలో కాగితములు కదలించువా రీ ప్రశ్న నొకపరి వేసికొనవలెను.

ఇక ప్రారంభింపగోరువారికి తీగ సంగతి. తరంగము సెకనునకు 30 కోట్ల మీటర్లు పోవును. నలుబది మీటర్ల పట్టీలో 7.1 మెగాహెర్ట్జులనగా సెకనునకు 71 లక్షల కంపములు. భాగింపగా 42 మీటర్లకు కొంచెము పైబడును. అందులో సగము 21. తీగకొనల ప్రభావముచే నూటికి ఐదువంతులు తగ్గించినచో ఇరువది మీటర్లు. దీనిని నడుమ ఖండించి, చెఱి పదిమీటర్ల రెండు చేతులుగా చేసి, నడుమనుండి కేబులు దింపినయెడల అర్ధతరంగ ద్విధ్రువ మగును, హాములు డైపోలందురు. వీణతంత్రిని తలచుకొనిన దీని తత్త్వము తెలియును. మీటిన తంత్రి రెండు కొనల కదలక, నడుమ మిక్కిలి ఊగును. ఈ తీగలోని విద్యుత్ప్రవాహము నట్లే నడుమ అధికము, కొనల శూన్యము. వోల్టేజి మాత్రము కొనలయందే అధికము. కావున కొనలకు పింగాణి ఇన్సులేటర్లు తగిలించి, నైలాను త్రాటితో కట్టవలెను. మనుష్యుల చేతి కందనీయరాదు. రెండు స్తంభములు లేనివా రొక గొట్టపు స్తంభమున నడిమిభాగము నెత్తి, చేతులను రెండువైపుల వాల్పవచ్చును. నడిమి కోణము తొంబది డిగ్రీలకు తగ్గకుండ చూచుకొనవలెను. పదిమీటర్ల యెత్తు దొరకిన అదృష్టము. మొదట తీగను కొంచెము పొడవుగానే కోసి, కొలిచి, జానెడు జానెడుగా తగ్గించుకొనవలెను. విద్యుచ్ఛక్తి సరఫరా తీగల చెంత, వానిమీదుగా గాని, క్రిందుగా గాని ఎన్నటికిని కట్టరాదు. ఇందు మినహాయింపు లేదు. ఉఱుములు వినబడినంతనే కేబులును యంత్రమునుండి విప్పి, ఇంటి వెలుపల విడువవలెను.

పంపుటకు పరీక్షయు, అనుమతియు కావలెను. ఆ చదువు కొలది మాసములు పట్టును. ఆలోపల పొట్టితరంగముల రిసీవరు నొకదానిని ఈ తీగకు తగిలించి వినుటయే సాధన. పగటివేళ ఈ పట్టీలో మన చుట్టుపట్ల రాష్ట్రములవారు వినబడుదురు. ప్రొద్దు గ్రుంకిన పిదప క్రిందిపొర కరగిపోవును. దగ్గఱి గొంతులు క్రమముగా సన్నగిలి, వానివెనుకనుండి ఎన్నడును విననిభాషల పిలుపులు లేచివచ్చుట మొదలిడును.